పీరును అడిగి రా

28 జులై 1957, మనామా

నెలవంక కనిపించిందని నా గదిలో ఉండే అలీ అహ్మద్ చెప్పినాడు. మొహర్రం మొదలైంది. ఈపాటికి మా ఊర్లో పీర్ల చావిడి తలుపు తీసి, అటక మీది పెట్టె దించి, పీర్లకు చింతపండు పెట్టి తోముతుంటారు. ఈ ఏడు తోమేది మున్వర్. మా చిన్నాయన కొడుకు. వాడికి తోమడం రాదు. పీరు పంజా వేళ్ల సందుల్లో పిప్పి వదిలేస్తాడు.

పెద్దపీరును ఎత్తేది కూడా వాడే. మా తాత, మా నాయన, నేను ఎత్తిన పీరు. నేను బహ్రెయిన్‌లో కూర్చుంటే ఎవరో ఒకరు ఎత్తాలి గదా.

నాకేం బాధ లేదు. ఆస్పత్రికి పద్నాలుగు పరుపులు కుట్టాలి.

1 ఆగస్టు

జనార్దనం స్వామి గదికి వచ్చినాడు. ప్రొద్దుటూరు ఆయన. కంపెనీ గోదాములో గుమాస్తా. రెండేండ్ల కిందట మా ఊరి పీరును అడిగి సముద్రం దాటిన మనిషి. పరుపులు కుట్టేవాళ్లు కావాలంటే జాబు రాసి నన్ను పిలిపించిందీ ఆయనే.

"ఏమప్పా ఖాదర్, ఈడ గూడా పీర్లు లేస్తాయంట. ఇన్యావా?"

"యాడ స్వామీ?"

"పాత బజార్లో. శానా పెద్ద ఎత్తున చేస్తారంట. మనమూ పోదాం. గుజరాతీ షేట్ల అంగట్లో టెంకాయ దొరుకుతుంది, తెస్తా."

అలీ అహ్మద్ మంచం మీద పడి నవ్వినాడు. ఆయనది హైదరాబాదు. ఈ గదిలో మేమిద్దరమే. ఐదు పూటలా నమాజు తప్పడు. "బాపనాయన టెంకాయ కొడ్తడు. ముసల్మానుకు పూనకం వస్తది. మీ కడప దిక్కు ఎవరు ఏందో అల్లాకే తెల్వాలె" అన్నాడు.

స్వామి కోపగించుకోలేదు. "నవ్వొద్దు భాయ్. ఈ ఖాదర్ మీదికి సామి వచ్చినప్పుడు చూడాల నువ్వు. నన్ను సముద్రం దాటు అనింది ఈయన నోటితోనే" అన్నాడు.

నాకు ఆ సంగతి గుర్తు లేదు. సామి వచ్చినప్పుడు ఎత్తినవాడికి ఏమీ గుర్తుండదు. నాయన కూడా అదే చెప్పేవాడు.

3 ఆగస్టు

దూది విచ్చుకోవడం లేదు. ఈ ఊరి గాలి తడి.

7 ఆగస్టు

రాత్రి బాగా పొద్దుపోయింది. అయినా ఈరోజుది ఈరోజే రాయాలి.

పొద్దున్నే తలకు పోసుకుని తెల్ల అంగీ తొడిగినాను. బెల్లం కరిగించి, మిరియాలు దంచి వేసి బిందె నిండా పానకం చేసినాను. స్వామి టెంకాయ, ఊదొత్తులు, నిమ్మకాయలు తెచ్చినాడు. ఇద్దరం పండక్కి పోయినట్టే పోయినాము. "పులివేషాలు ఉంటాయంటావా?" అని అడిగినాడు దోవలో. ఉంటాయన్నాను. పులివేషం లేకుండా పీర్లపండగ ఎట్లా ఉంటుంది?

సందు మలుపు తిరిగితే అంతా నల్లబట్టలు. వరస మీద వరస మగవాళ్లు. అందరి చేతులూ ఒకేసారి లేచి ఒకేసారి రొమ్ముల మీద పడుతున్నాయి. దూదేకే విల్లు తీగ మీద కొయ్య దెబ్బ పడినట్టు, దెబ్బకూ దెబ్బకూ నడుమ అంతే ఎడం. ముసలివాళ్లు, గడ్డం రాని పిల్లలు, అందరూ ఏడుస్తున్నారు. సావు ఇంటి ముందర ఏడ్చినట్టు. నాకు మొదట ఎవరో పెద్దమనిషి ఆ పూటే చచ్చిపోయినాడని అనిపించింది.

అప్పుడు వాళ్ల వెనక మా పీరు వచ్చింది. మా పీరే. ఐదు వేళ్లు, అరచేతిలో అక్షరాలు, కింద పచ్చ గుడ్డలు. మా ఊరి పీరును ఇంతదూరం ఎవరు తెచ్చినారా అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, ఒక్క క్షణం.

తర్వాత నేను చేసింది రాయడానికి సిగ్గుగా ఉంది. జనం సందులోంచి దూరి, ఎత్తినతని కాళ్ల మీద వెంట తెచ్చుకున్న చెంబెడు నీళ్లు పోసినాను. చేతిలో నిమ్మకాయ పెట్టినాను. "సామీ, నేను మళ్లీ ఎత్తుతానా?" అని అడిగినాను. తెలుగులో అడిగినాను.

అతను నా తట్టు చూసినాడు. కండ్లు ఎర్రగా ఉన్నాయి, కన్నీళ్లు గడ్డంలోకి కారుతున్నాయి. కానీ అతని మీద ఏమీ లేదు. సామి లేడు. ఉత్త మనిషి. ఏడుస్తున్న మనిషి. నిమ్మకాయను ఏం చెయ్యాలో తెలియక పట్టుకుని నిలబడినాడు. వెనక వరసలు ఆగిపోయినాయి. ఎవరో అరిచినారు. ఎవరో నా అంగీ పట్టి ఇవతలికి లాగినారు. బిందె ఒలికింది.

పక్క అరుగు మీది ముసలాయన మమ్మల్ని కూర్చోబెట్టకపోతే తన్నులు తినేవాళ్లమే. ఆయన బొంబాయిలో ఖర్జూరం అమ్మినాడంట, హిందూస్తానీ వచ్చు. నా తెల్ల అంగీని, స్వామి చేతిలోని టెంకాయను చూసి, "ఎవరి పెళ్లికి వచ్చినారు మీరు?" అన్నాడు.

స్వామి తనకు వచ్చిన హిందీలో చెప్పినాడు, మా ఊర్లో కూడా చేస్తామని, ఈయన ఎత్తేవాడని.

"ఎత్తేవాడా? అయితే చెప్పు, హుసేను ఎట్లా చనిపోయినాడు?"

యుద్ధంలో అన్నాను. నీళ్లు లేక అన్నాను. ఎవరితో యుద్ధం, ఎక్కడ, వెంట ఎవరున్నారు అని అడిగితే నాకు రాలేదు. మూడేండ్లు ఎత్తినాను. రాలేదు.

బిందెలో మిగిలిన పానకం ఇస్తే ముసలాయన తాగినాడు. తాగుతూ ఏడ్చినాడు. తాగినాక, "మిరియాలు ఎందుకు వేసినారు?" అని అడిగినాడు. మాకు అదీ తెలియదు.

తిరిగి వచ్చేటప్పుడు స్వామి గొంతు తగ్గించి మా ఊరి ఆడవాళ్లు నిప్పుల గుండం చుట్టూ తిరుగుతూ పాడే పాట పాడినాడు. వాళ్ల అమ్మమ్మది మా ఊరే, చిన్నప్పుడు విన్నాడంట. పసిబిడ్డను ఎత్తుకుని ఏటి గట్టున నీళ్లు అడిగే పాట. నేను వందసార్లు విన్నాను. దానికి చిందు వేసినాను. "ఖాదరూ, ఇది ఏడుపు పాట గదప్పా" అన్నాడు.

టెంకాయ కొట్టకుండానే వెనక్కి తెచ్చినాడు.

8 ఆగస్టు

అలీ అహ్మద్ అన్నాడు: "మియా, షియాలు ఏడుస్తరు. అది వాళ్ల తీరు. మేము ఉపాసం ఉంటం. ఇది మా తీరు. మీరు ఎగురుతరు. అది ఎవరి తీరు?"

మాది అన్నాను.

"మీరంటే ఎవరు? ఉర్దూ రాదు. నమాజు సగం రాదు. దూదేకులోళ్లం అంటవు. అది పని పేరు గద మియా, మనిషి పేరు చెప్పు."

కోపంగా అనలేదు. 

22 సెప్టెంబరు

అమ్మ జాబు. అయ్యవారితో రాయించింది. అమ్మ మాటలు అమ్మ మాటల్లాగే రాసినాడు.

"మున్వర్ బాగనే ఎత్తినాడు. గుండంలో జారలేదు. సామి వచ్చిందని కొందరు, రాలేదని కొందరు. వచ్చే ఏడు నువ్వు రాకుంటే పీరును మున్వర్ పేరుకు ఖాయం చేస్తామంటాండారు పెద్దోళ్లు. ఒకసారి ఆ గడప దాటిపోతే మళ్లా రాదు. మీ నాయన సచ్చేముందు నీ చెయ్యి పట్టుకుని ఏం చెప్పినాడో నీకు ఎరుక. నీ ఇష్టం. మీ అమ్మ హజరాబీ."

నా ఇష్టమే. పోతే పోనీ.

14 అక్టోబరు

పోతే పోనీ.

10 నవంబరు

ఆస్పత్రి తెరల బొంగు ఒకటి పారేస్తుంటే తెచ్చుకున్నాను. దాని కొనకు రెండు ఇటుకలు గుడ్డతో కట్టి నడుముకు ఆనించి ఎత్తి చూసినాను. ఊరికే. కూర్చుని కుట్టే పనితో చేతుల్లో బలం పోయిందేమోనని.

అలీ అహ్మద్ తలుపు తీసి చూసినాడు. నమాజు ముందు చేతులూ కాళ్లూ కడుక్కునే వజూకు పోయినాడు.

2 జనవరి 1958

నాలుగు నెలలుగా అలీ అహ్మద్‌తో నమాజుకు పోతున్నాను. ఇప్పుడు వరసలో తప్పు లేకుండా చేస్తున్నాను. నిలబడినప్పుడు నెమ్మదిగా ఉంటుంది. మనిషికీ దేవుడికీ నడుమ ఎవరూ అక్కరలేదని అలీ అహ్మద్ చెప్తాడు. అడగాల్సింది నేరుగా అడగమంటాడు. ఆ మాట నాకు నచ్చింది.

అయితే ఇన్నేండ్లు నన్ను అడిగినవాళ్లంతా ఎవరిని అడిగినట్టు?

19 ఫిబ్రవరి

నాయన అబద్ధం చెప్పేవాడా?

20 ఫిబ్రవరి

నిన్నటిది కొట్టెయ్యాలి అనుకున్నాను. ఉండనీ.

18 మే

సెలవు దొరికింది. జూన్ ఆఖరు ఓడకు పోతాను. అమ్మను చూడాలి, పుట్టింట్లో ఉన్న నా పెండ్లాము మైమూన్‌ను పులివెందుల నుంచి తీసుకురావాలి. మొహర్రం ఆ నడుమ పడింది, అంతే.

జనార్దనం స్వామి సాయంత్రం సముద్రం గట్టుకు పిలుచుకుపోయినాడు. కంపెనీవాళ్లు ఇంకో మూడేండ్లకు సంతకం పెట్టమంటున్నారంట. ఆగస్టు లోపల చెప్పాలి. ఆయన భార్య కమలమ్మ ఇక్కడికి రాదు. ప్రొద్దుటూరులో ఆడపిల్లల బడిలో టీచరు. మూడేండ్లంటే పాప బడికి పోయే వయసు దాటిపోతుంది.

"ఉండాలనీ ఉంది, పోవాలనీ ఉంది. తలకాయ పని చెయ్యలేదప్పా. పీరును అడిగి రా."

నాకు నవ్వొచ్చింది. "స్వామీ, ఎత్తితే ఎత్తేది నేనే గదా. నన్ను నేను ఎట్లా అడుగుతా?"

"ఎత్తేది నువ్వు. చెప్పేది నువ్వా ఏంది?"

నేను గులకరాయి ఒకటి తీసి నీళ్లలో వేసినాను. ఆయన వదల్లేదు.

"పోయినసారి ఏం చెప్పింది? సముద్రం దాటు, తలుపు తెరిచే ఉంది అనింది. తెరిచే ఉన్నింది గదా! వచ్చిన పదో దినానికి పని దొరికింది. నువ్వు రాలేదా నా వెనక? అది నీ నోట్లోంచి వచ్చిన మాట అయితే నీకే తెలిసి ఉండల్ల గదా ఈడ తలుపు తెరిచి ఉందని."

పచ్చ పట్టు దట్టీ కొని ఇచ్చినాడు, పీరుకు కట్టమని. గుడ్డ మంచిది. అంచుకు చిన్న జరీ.

19 మే

గుర్తుంది.

అంతా గుర్తుంది. పదో దినం ఎండ. చావిడి ముందర వరసలో చివరి మనిషి స్వామి. నా కుడి భుజం లాగేస్తున్నది, అప్పటికి యాభైమందికి చెప్పినాను. ఆయన కాళ్లకు బూట్లు ఉన్నాయి, పాలిష్ చేసినవి. చావిడి ముందర విప్పి చేత్తో పట్టుకున్నాడు, దుమ్ము అంటకుండా. ఈ మనిషి మన ఊర్లలో ఉండే మనిషి కాదు అనుకున్నాను. అందుకే సముద్రం దాటు అని చెప్పినాను. చెప్పేస్తే నా పని తొందరగా అయిపోతుందని కూడా చెప్పినాను.

కానీ తలుపు తెరిచే ఉంది అని ఎందుకు అన్నానో తెలియదు. ఆ మాట నేను అనుకోలేదు. అది వచ్చింది.

ఎంత నాది, ఎంత కాదు?

24 జూన్, ఓడ

అలీ అహ్మద్ ఓడరేవు ధక్కా దాకా వచ్చినాడు. కొత్త టోపీ ఇచ్చినాడు. "ఎత్తకు మియా" అన్నాడు. ఓడ ఎక్కేటప్పుడు మళ్లీ పిలిచి, "ఎత్తితే నాకు చెప్పకు" అన్నాడు.

25 జూన్

వాంతులు.

8 జులై, ఊరు

ఎర్రగుంట్లలో రైలు దిగి బస్సెక్కినాను. జమ్మలమడుగులో దిగేసరికి బండి తోలుకుని మున్వరే వచ్చినాడు. "అన్నా, లావైనావు" అని పెట్టె భుజానికి ఎత్తుకున్నాడు. దోవ పొడుగునా పీరు సంగతి తప్ప అన్నీ మాట్లాడినాడు. నేనూ అంతే.

అమ్మ నా తలమీది టోపీ చూసి, "బాగుంది" అనింది. కాసేపుండి, "ఎత్తేటప్పుడు తీస్తావు గదా?" అనింది.

12 జులై, పులివెందుల

మైమూన్‌ను తీసుకుపోవడానికి వచ్చినాను. పీరును ఎత్తాలా వద్దా ఇంకా తేల్చుకోలేదు అని చెప్పినాను. అది చేటలో వేరుశనగ చెరుగుతా ఉండింది. చేట ఆపలేదు.

"నీకేమి, మళ్లా ఓడెక్కి పోతావు. బావికాడ నేను నిలబడల్ల. మున్వర్ పెండ్లాము ఇప్పుడే ముందర చేదుకుంటాంది. పెద్దపీరు ఇంటిదాన్ని నేను, వెనక నిలబడల్లనా?"

"అది షిర్కు అంటారు మైమూన్. దేవునికి ఇంకొకరిని జత చెయ్యడం."

"ఎవరంటారు?"

"అలీ అహ్మద్ భాయ్."

"ఆయప్ప వచ్చి చేదిపోస్తాడా నీళ్లు?"

ఇద్దరం బస్సెక్కినాము. వేంపల్లె దాటినాక నా భుజం పట్టి చూసి, "మెత్తబడింది" అనింది.

14 జులై, ప్రొద్దుటూరు

స్వామి పంపిన చీర, పాప గౌన్లు ఇవ్వడానికి పోయినాను. కమలమ్మ బడి నుంచి అప్పుడే వచ్చింది, వేళ్లకు సుద్దముక్క పొడి ఉంది. సన్నటి మనిషి. కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చింది. పాప స్తంభం వెనక నిలబడి చూసింది. గౌను సరిపోలేదు, చిన్నది. మూడేండ్ల కిందట చూసిన పాపకు అంచనాతో కొన్నాడు.

పచ్చ దట్టీ చూపించి సంగతి చెప్పినాను.

"మళ్లా పీరును అడుగుతాడంటనా?" అనింది. దట్టీ ముట్టుకోలేదు. "పోయినసారి నేను ఇదే వసారాలో కూర్చోనుండా. నన్ను అడిగింటే చెప్పేదాన్ని. మీ ఊరికి పదకొండు మైళ్లు వచ్చి పీరును అడిగినాడు. నేను రెండు అడుగుల దూరంలో ఉండా."

నేను మజ్జిగ తాగినాను.

"పొమ్మనింది పీరే గదా. పీరుతోనే మాట్లాడతా. పదో దినం వస్తా ఖాదరన్నా, దట్టీ నా చేత్తోనే కడతా" అనింది.

18 జులై

పెట్టె దించినారు. మున్వర్ పక్కన కూర్చుని నేనూ తోమినాను. పెద్దపీరు వేళ్ల సందుల్లో పోయినేటి చింతపండు పిప్పి ఎండి ఉంది. పుల్లతో తీసినాను. వాడు చూసి తల గోక్కున్నాడు.

అరచేతిలో అక్షరాలు ఈసారి చదవగలిగినాను. అలీ అహ్మద్ నేర్పిన అరబ్బీ అక్షరాలు. ఐదు పేర్లు, అందులో ఒకటి హుసేను. చిన్నప్పటి నుంచి నేను వాటిని తీగల డిజైను అనుకున్నాను.

23 జులై

పెద్దలు అడిగినారు. పదో దినం చెప్తానన్నాను. "బయటి దేశం పోయొచ్చి ఇట్లా నానుస్తాండాడు" అన్నారు. నాకు వినపడేట్టే అన్నారు.

26 జులై

నమాజు చేసి, ఎత్తాలా వద్దా చెప్పమని నేరుగా అడిగినాను. జవాబు రాలేదు. జవాబు రాకపోవడం అలవాటు చేసుకోవాలంటాడు అలీ అహ్మద్. మా ఊరివాళ్లకు అది అలవాటు లేదు.

27 జులై, పదో దినం

తెల్లవారుజామున గుండం అయిపోయింది. పీర్లను ఏటికి తీసుకుపోవడానికి ఎండెక్కినాక చావిడి దగ్గర జనం కూడినారు. పులివేషం వేసినవాళ్లు రంగు కారుతూ పలకలకు ఎగురుతున్నారు. అలీ అహ్మద్ ఇది చూస్తే ఏమంటాడో, ఖర్జూరం ముసలాయన ఏమంటాడో, నాకు ఇద్దరూ పక్కనే నిలబడినట్టు ఉండింది.

మున్వర్ నన్ను చావిడి లోపలికి లాగినాడు. ఊదు పొగలో వాడి ముఖం సరిగా కనపడలేదు.

"అన్నా, నువ్వే ఎత్తు."

"నీ పేరుకు ఖాయం చేస్తారంట గదరా."

"నాకొద్దు. పోయినేడు నా మీదికి ఏమీ రాలేదు. శానాసేపు చూసినా, రాలేదు. జనం చూస్తాండారని ఊరికే ఊగినా. ఎవరికో పెండ్లి అవుతాదని చెప్పినా. కాలేదు. ఎవరికీ చెప్పొద్దు, నీ కాళ్లు పట్టుకుంటా." వాడు ఏడ్చేట్టు ఉన్నాడు. "నీ మీదికి నిజంగా వస్తాది గదా అన్నా?"

ఇదే మాట మా నాయనను నేను అడగలేదు. అడిగింటే ఏం చెప్పేవాడో.

అవును అని చెప్పలేదు. కాదు అని కూడా చెప్పలేదు. టోపీ తీసి జేబులో పెట్టుకుని పీరు కింద చెయ్యి వేసినాను. బరువు నడుముకు ఆనగానే కాళ్లు వాటంతట అవే నడిచినాయి.

ఏట్లో నీళ్లు లేవు. ఇసుకలో చెలమ తవ్వి పెట్టినారు. దాని చుట్టూ తిరుగుతూ ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. పసిబిడ్డను ఎత్తుకుని నీళ్లు అడిగే పాట. ముందర మైమూన్ పాడుతూ ఉంది. నాకు బహ్రెయిన్ సందులో పీరు ఎత్తినతని కండ్లు గుర్తొచ్చినాయి. ఏడుపు వచ్చింది. ఆగలేదు. పీరును ఎడమచేత్తో అదుముకుని కుడిచేత్తో రొమ్ము మీద కొట్టుకున్నాను, వాళ్లు కొట్టుకున్నట్టు. నేను ఖాదర్‌ను. ఏడ్చింది నేను. ఇది మాత్రం నాకు బాగా తెలుసు.

"వచ్చింది! సామి వచ్చింది!" అని కేకలు వేసినారు. పలకలు జోరందుకున్నాయి. నా కాళ్ల మీద బిందెలతో నీళ్లు పోసినారు.

ముందర ఎవరో ఎద్దు సంగతి అడిగినారు.  ఏడుస్తూనే ఉన్నాను. వాళ్లు పక్కకు జరిగితే కమలమ్మ వచ్చింది. దట్టీ కట్టింది. ముడి గట్టిగా వేసింది. నిమ్మకాయ పట్టుకుని నిలబడి, అందరికీ వినపడేట్టు అడిగింది.

"మూడేండ్లు నిండొస్తాంది. నా మొగుణ్ణి సముద్రం దాటమన్యావు. ఎందుకన్యావు?"

పీరును అట్లా ఎవరూ నిలదీయరు. పలకలు ఆగిపోయినాయి.

"ఆ మాట నాది" అన్నాను. "పీరుది కాదు. నేను ఖాదర్‌ను. ఆయన బూట్లు చూసి చెప్పినా. నాకు భుజం నొప్పిగా ఉండింది. పీరు ఏమీ చెప్పలేదమ్మా."

 వెనక నుంచి ఒక ముసలాయప్ప, "సామి పరీక్ష పెడతాండాడురా! ఎవరి మనసు నిలబడతాదో చూస్తాండాడు!" అని అరిచి ఇసుకలో సాగిలపడినాడు. ఆయన వెనక ఇంకొకరు. పలకలు మళ్లీ మొదలు. నేను కాదు కాదు అన్నకొద్దీ వాళ్లు మొక్కుతున్నారు. మున్వర్ కూడా మొక్కినాడు. వాడి ముఖంలో ఎంత సంతోషం.

కమలమ్మ ఒక్కతే మొక్కలేదు. దగ్గరికి వచ్చి నా కండ్లలోకి చూసింది. "ఇది ఎవరి మాట?" అని మెల్లగా అడిగింది.

నాది అనాలనుకున్నాను. రాలేదు. అంతమంది ముందర, అంత ధైర్యం నాకు ఎప్పుడూ లేదు. అది నాకు యాడ నుంచి వచ్చిందో తెలియక నిలబడినాను.

ఆమె ఎవరిని చూసి చెప్పిందో, నన్నో పీరునో, "నేను రమ్మంటాండా. అంతే. ఎవరైనా సరే ఆ మాట ఆయనకు చెప్పండి" అనింది. నిమ్మకాయ నా చేతిలో పెట్టలేదు. సంచిలో వేసుకుని పోయింది.

28 జులై

ఒళ్లంతా నొప్పులు. రొమ్ము మీద చెయ్యి పడినచోట ఎర్రగా కమిలింది. మైమూన్ ఉప్పు కాపడం పెట్టింది. బావికాడ ఈరోజు ముందర నిలబడిందంట.

పీరు మా ఇంటి పేరుకే ఖాయం అన్నారు పెద్దలు. సామి ఇంత గట్టిగా ఎప్పుడూ రాలేదంటున్నారు.

అమ్మ ఒకటే అడిగింది: "మీ నాయన కూడా ఎప్పుడైనా ఆ మాట పీరుది కాదు, నాదే అన్యాడేమో, మేమే ఇనలేదేమో?"

29 జులై

అలీ అహ్మద్ చెప్పకు అన్నాడు. చెప్పకపోయినా అడుగుతాడు. ఎత్తినాను అంటాను. తర్వాత ఏమనాలో తెలియదు. నమాజు మానలేదు. పొద్దున్న చావిడి అరుగు మీదే చేసినాను. లోపల పెట్టెలో పీరు ఉంది. వెన్ను అటు పెట్టాలా ముఖం అటు పెట్టాలా అని ఆలోచించలేదు. పడమర ఎటుందో అటే తిరిగినాను. అది చావిడి గోడ.

30 జులై, జమ్మలమడుగు

పోస్టాఫీసు అరుగు మీద కూర్చుని జనార్దనం స్వామికి జాబు రాసినాను. మొదటిసారి రాసింది చించేసినాను. రెండోసారి రాసింది కూడా. మూడోదాని నకలు ఇక్కడ ఉంచుకుంటున్నాను, తర్వాత గుర్తు లేదు అనకుండా.

"స్వామికి ఖాదర్ నమస్కారాలు. దట్టీ కట్టినాము. పీరు ఏమీ చెప్పలేదు. కమలమ్మ రమ్మంటోంది. పోయినసారి సముద్రం దాటమన్న మాట నాది. తలుపు సంగతి నాకు తెలియదు. పాప గౌను రెండు వేళ్లు పొట్టి అయింది. కొలత దీనితో పంపుతున్నాను."

పాప భుజం నుంచి మోకాలి దాకా కొలిచిన దారం మడిచి లోపల పెట్టినాను. ప్రొద్దుటూరు పోయి నేనే కొలిచి తెచ్చినాను. కింద నా పేరు, ఊరు, తేదీ రాసినాను.